నాతవలస గేటు, ఢిల్లీ పైరోడ్డు: లెక్క తప్పిందెక్కడ?

విజయనగరం: చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద, మన డెంకాడ మండలంలో వున్న నాతవలస టోలుగేటు పేరు 2023 ఆగస్టులో పార్లమెంటు దాకా వెళ్లింది. దక్షిణాది రాష్ట్రాల్లో టోలు వసూళ్ల తీరును తనిఖీ చేసిన కేంద్ర ఆడిట్ సంస్థ ‘కాగ్’, తన నివేదికలో ఈ గేటును పేరుపెట్టి మరీ ప్రస్తావించింది. పేరొచ్చింది మంచి పనికి మాత్రం కాదు.

సంగతి ఇది. నాలుగు వరుసల రోడ్డును ఆరు వరుసలకు విస్తరించే పని గడువులోగా పూర్తి కాకపోతే, గడువు తీరిన రోజు నుంచి పని పూర్తయ్యే రోజు వరకు వాహనదారుల దగ్గర రుసుము తీసుకోరాదని 2013లో సవరించిన నిబంధన చెబుతోంది. ఇక్కడ గడువు దాటింది. పని పూర్తి కాలేదు. వసూలు మాత్రం ఆగలేదు. కర్ణాటకలోని చలగేరి, హెబ్బాలు గేట్ల దగ్గర కూడా ఇదే తంతు జరిగింది. 2020 మే నుంచి 2021 మార్చి వరకు ఈ మూడు గేట్లలో కలిపి నిబంధనకు విరుద్ధంగా వసూలైన సొమ్ము 124 కోట్ల 18 లక్షల రూపాయలని ఆడిట్ లెక్క తేల్చింది.

మోటారు సైకిలుకు, ట్రాక్టరుకు, ఎడ్లబండికి టోలు లేదు గదా, ఇది కార్ల వాళ్ల గొడవ, మనకెందుకు అని రచ్చబండ దగ్గర అనుకునేవారు వున్నారు. మామిడి లోడు విజయవాడ పోవాలన్నా, గోగునార మిల్లుకు చేరాలన్నా, ఎరువుల బస్తా ఊరికి రావాలన్నా లారీయే దిక్కు. లారీ యజమాని గేటు దగ్గర కట్టిన రుసుమును తన ఇంటి నుంచి తెచ్చి కట్టడు. అది కిరాయిలో కలుస్తుంది. కిరాయి సరుకు ధరలో కలుస్తుంది. రైతు అమ్మేటప్పుడు ధరలో కోసుకునేది, కొనేటప్పుడు ధరకు కలిపేది ఆ సొమ్మునే. ఇదిగాక పెట్రోలు, డీజిలు కొనే ప్రతివారూ లీటరు లీటరుకూ రోడ్ల సెస్సు వేరే చెల్లిస్తున్నారు. దుక్కి దున్నే ట్రాక్టరు జాతీయ రహదారి ఎక్కకపోయినా దాని ట్యాంకులోని డీజిలు మీద సెస్సు పడుతూనే వుంది. అంచేత రోడ్డు ఖర్చు గురించి అడిగే హక్కు రోడ్డు మీద తిరిగేవాడికి ఎంత వుందో, గట్టు మీద నిలబడి చూసేవాడికీ అంతే వుంది.

సగం రోడ్డు, ఒకటిన్నర రెట్ల డబ్బు

నాతవలస సంగతి చిన్న మచ్చు మాత్రమే. అదే 2023 ఆగస్టులో కాగ్ మరో పెద్ద నివేదికను పార్లమెంటు ముందుంచింది. ‘భారతమాల’ పేరిట దేశమంతటా తలపెట్టిన రోడ్ల పథకంపై తనిఖీ అది.

ఈ పథకం మొదటి దశకు కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం 2017 అక్టోబరులో ఆమోదం తెలిపింది. 34,800 కిలోమీటర్ల రోడ్లు, 5 లక్షల 35 వేల కోట్ల రూపాయల ఖర్చు, 2022 సెప్టెంబరు నాటికి పూర్తి. అంటే సగటున కిలోమీటరుకు 15 కోట్ల 37 లక్షలు. 2023 మార్చి ఆఖరుకు పరిస్థితి చూడండి. పనులు అప్పగించినది 26,316 కిలోమీటర్లకు. దానికి మంజూరైన మొత్తం 8 లక్షల 46 వేల 588 కోట్లు. కిలోమీటరు ఖర్చు 32 కోట్ల 17 లక్షలకు ఎక్కింది. అప్పటికి పూర్తయిన రోడ్డు 13,499 కిలోమీటర్లు. గడువు దాటి ఆరు నెలలైనా తలపెట్టినదాంట్లో నూటికి నలభై పాళ్లు కూడా తయారు కాలేదన్నమాట.

ధరలు పెరగవా, సిమెంటు ఇనుము ఖర్చులు ఎక్కవా అని ఎవరైనా అనవచ్చు. పెరుగుతాయి. భూసేకరణ ఖర్చు కూడా కొత్త చట్టం వచ్చాక పెరిగింది. రైతుకు న్యాయమైన పరిహారం దక్కడం వల్ల పెరిగిన ఖర్చును ఎవరూ తప్పు పట్టనవసరం లేదు. కాని అయిదున్నరేళ్లలో కిలోమీటరు ఖర్చు రెట్టింపు దాటిందంటే ధరలొక్కటే కారణం కాజాలదు. సమగ్ర ప్రాజెక్టు నివేదికల తయారీలోనే లోపాలున్నాయని, కావలసిన భూమి చేతికి రాకముందే కాంట్రాక్టరుకు పని అప్పగించారని కాగ్ పేర్కొంది. భూమి లేకుండా పని అప్పగిస్తే ఏమవుతుందో జిల్లాలో చిన్న కాలువ పని చూసినవారికైనా తెలుసు. యంత్రాలు ఖాళీగా నిలబడతాయి, గడువు పొడిగిస్తారు, పాత రేటు చాలదని కాంట్రాక్టరు నష్టపరిహారానికి తయారవుతాడు.

వెడల్పు వుండగా పైరోడ్డు ఎందుకు?

ఈ నివేదికలో దేశమంతటా పేరుకెక్కినది ఢిల్లీ-హర్యానా మధ్య వేసిన ద్వారక ఎక్స్‌ప్రెస్‌వే. ఢిల్లీ రోడ్డు గొడవ మనకెందుకని తోసివేయరాదు. రోడ్డు ఖర్చు ఎక్కడ, ఎప్పుడు పెరుగుతుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు.

రోడ్డు పొడవు 29 కిలోమీటర్లు. అందులో దాదాపు 19 కిలోమీటర్లు హర్యానాలోను, మిగతాది ఢిల్లీలోను పడుతుంది. పథకం ఆమోదించినప్పటి లెక్క ప్రకారం కిలోమీటరుకు 18 కోట్ల 20 లక్షలు. ఆ తరువాత మంజూరైనది 250 కోట్ల 77 లక్షలు. మొత్తం 7,287 కోట్లు.

ఎందుకింత తేడా? హర్యానా ప్రభుత్వ పట్టణాభివృద్ధి సంస్థ ఈ రోడ్డు కోసం 90 మీటర్ల వెడల్పు భూమిని ఉచితంగా ఇచ్చింది. 14 వరుసల రోడ్డును నేలమీదనే వేయడానికి 70 నుంచి 75 మీటర్లు చాలు. భూమి సరిపోను వుంది, ఇంకా మిగులుతుంది కూడా. అయినా 8 వరుసలను స్తంభాల మీద ఎత్తి పైరోడ్డుగాను, 6 వరుసలను నేలమీదను వేయడానికి నిర్ణయించారు. ఇలా ఎందుకు చేయవలసి వచ్చిందో కారణం రికార్డులో లేదని కాగ్ రాసింది. రాకపోకల లెక్కలు ఇంకా విచిత్రంగా వున్నాయి. రోజుకు సగటున 55 వేల పైచిలుకు వాహనాలు తిరిగే రాకపోకలకు పైన 8 వరుసలు. 2 లక్షల 32 వేల పైచిలుకు వాహనాలు తిరిగే వాటికి కింద 6 వరుసలు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ దీనికి జవాబు చెప్పింది. ఆ జవాబునూ వినాలి. 18 కోట్లు అనేది దేశం మొత్తానికి వేసుకున్న సగటే గాని ఈ రోడ్డుకు కట్టిన అంచనా కాదని, పైరోడ్లు, సొరంగం వున్న రోడ్డును మామూలు రోడ్డుతో పోల్చరాదని, అన్ని వరుసల పొడవును కలిపి లెక్కించాలని శాఖ, మంత్రి వాదించారు. నాలుగు భాగాలుగా పిలిచిన టెండర్లలో కిలోమీటరుకు 206 కోట్ల 39 లక్షలు అవుతుందని అంచనా వేస్తే 181 కోట్ల 94 లక్షలకే ఇచ్చామని, వందకు 12 పాళ్లు ఆదా చేశామని లెక్క చూపారు. కాగ్ పట్టుకున్నది మంజూరైన మొత్తాన్ని. శాఖ చూపించినది టెండర్లలో ఖరారైన మొత్తాన్ని.

ఈ జవాబులో కొంత సబబు వుంది. నేలమీద రోడ్డుకూ స్తంభాల మీద రోడ్డుకూ ఒకే ధర వుండదు. సగటుతో ఒక్కొక్క రోడ్డును కొలవడం సరికాదు. కాని అడిగిన ప్రశ్న అది కాదు గదా! స్తంభాలు ఎందుకు లేపవలసి వచ్చిందని ఆడిట్ అడిగితే, స్తంభాలు చవకగా లేపామని శాఖ చెప్పింది. పెంకుటిల్లు చాలుననుకున్న ఆసామి మేడకు అంచనా వేయించుకుని, అంచనాలో పన్నెండు పాళ్లు తగ్గించి కట్టించానని ఇంట్లోవాళ్లకు చెప్పినట్టుంది. అంచనా వేసినదీ తామే, దానికంటే తగ్గించినదీ తామే అయినప్పుడు ఆదా అనే మాటకు విలువ ఎంత?

రోడ్డు మటుకు తయారయింది. హర్యానా భాగాన్ని 2024 మార్చిలో, ఢిల్లీ భాగాన్ని 2025 ఆగస్టులో ప్రధాని ప్రారంభించారు. ప్రయాణ కాలం తగ్గిందనడంలో సందేహం లేదు. అయితే నేలమీద వేసి వుంటే ఎంత ఖర్చుతో ఎంత తగ్గేదో ఇక ఎప్పటికీ తేలదు.

స్తంభానికీ టోలుకూ చుట్టరికం

పైరోడ్డు, వంతెన అనేవి ఇంజనీర్ల విషయమని వదిలేయడానికి వీల్లేదు. వాటికీ గేటు దగ్గర రుసుముకూ సంబంధం వుంది. జాతీయ రహదారుల టోలు నిబంధనల ప్రకారం మామూలు రోడ్డుకు కిలోమీటరుకు ఇంత అని రేటు. వంతెన, పైరోడ్డు, సొరంగం లాంటి కట్టడం వస్తే మాత్రం దాని పొడవును పది రెట్లు చేసి లెక్కించేవారు. ఒక కిలోమీటరు పైరోడ్డు దాటితే పది కిలోమీటర్ల టోలు పడేది. ఈ భారం మరీ ఎక్కువైందని 2025 జూలైలో నిబంధన సవరించారు. కట్టడం పొడవును పది రెట్లు చేసి మిగతా రోడ్డుకు కలిపితే వచ్చేది ఒకటి, మొత్తం రోడ్డు పొడవును అయిదు రెట్లు చేస్తే వచ్చేది ఒకటి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. పూర్తిగా కట్టడం మీదనే సాగే రోడ్డుకు దీనివల్ల టోలు సగానికి తగ్గుతుంది. అయినా అయిదు రెట్లు అయిదు రెట్లే.

అంటే ప్రాజెక్టు నివేదికలో ఒక ఇంజనీరు గీసిన గీత, పదేళ్ల తరువాత మామిడి లారీ కిరాయిలో తేలుతుంది. ఈ గీత గీసినప్పుడు అడగవలసిన ప్రశ్నను గేటు దగ్గర అడిగితే ప్రయోజనం లేదు. అక్కడ వుండే కుర్రవాడు చీటీ చించి ఇచ్చేవాడే, ఇప్పుడైతే అదీ లేదు, అద్దం మీది బిళ్లను చూసి యంత్రమే డబ్బు లాక్కుంటోంది.

లోపలి మనిషి అడిగితే

లెక్క అడగడం తేలిక కాదని మన రోడ్డు చరిత్రే చెబుతోంది. జిల్లా మీదుగా పోయే ఈ రహదారి ‘స్వర్ణ చతుర్భుజి’ పథకంలో భాగంగా నాలుగు వరుసలైంది. నాలుగు మహానగరాలను కలిపే ఆ పథకం పొడవు 5,846 కిలోమీటర్లు. అదే పథకంలో బీహారు-ఝార్ఖండు వైపు పనులు చూసిన యువ ఇంజనీరు సత్యేంద్ర దూబే, పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు బయటపెట్టవద్దని కోరారు. లేఖ పేరుతో సహా చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. దోపిడీకి వచ్చినవారి పని అని సీబీఐ తేల్చగా, 2010లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది. ఆయన లేఖకూ హత్యకూ సంబంధం లేదని దర్యాప్తు తేల్చినా, పేరు దాచమన్న మనిషి పేరును దాచలేని వ్యవస్థ ఎలాంటిదో దేశానికి తెలిసింది. ఆ ఉదంతమే తప్పులు బయటపెట్టేవారికి రక్షణగా చట్టం కావాలన్న వాదనకు ఊపిరి పోసింది.

కోర్టుకెక్కి గెలిచినవారూ వున్నారు. కేరళలోని త్రిస్సూరు జిల్లా పాలియెక్కర గేటు వద్ద రోడ్డు గుంతలతో, గంటల తరబడి వాహనాల బారులతో వుంటే టోలు ఎందుకు కట్టాలని జనం హైకోర్టుకు వెళ్లారు. 2025 ఆగస్టులో హైకోర్టు వసూలును నాలుగు వారాలు ఆపించింది. రహదారుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లినా ఊరట దక్కలేదు. నడవడానికి వీల్లేని రోడ్డుకు రుసుము ఏమిటని అక్కడా అదే ప్రశ్న ఎదురైంది. అక్టోబరులో వసూలు తిరిగి మొదలైనప్పటికీ అప్పటిదాకా గేటు మూతపడే వుంది. ఇక్కడ నాతవలసలో 124 కోట్లలో మన వాటా పోయినప్పుడు అడిగినది ఆడిట్ ఒక్కటే. ఆడిట్‌కు తప్పు ఎత్తిచూపే అధికారమే గాని సొమ్ము వెనక్కి ఇప్పించే అధికారం లేదు.

కొత్త రోడ్డు, కొత్త లెక్క

ఇప్పుడు జిల్లా రైతాంగానికి దగ్గరి విషయం రాయపూర్-విశాఖపట్నం రహదారి. ఛత్తీస్‌గఢ్ నుంచి ఒడిశా మీదుగా, సాలూరు వైపు నుంచి మన జిల్లాలో దిగి సబ్బవరం వరకు సాగే ఈ ఆరు వరుసల దారి మొత్తం పొడవు 464 కిలోమీటర్లు. పాత రోడ్డును విస్తరించడం కాదు, పొలాల మీదుగా పూర్తిగా కొత్త దారి. మన రాష్ట్ర భాగం దాదాపు 100 కిలోమీటర్లకు 3,750 కోట్లకు పైగా అవుతుందని చెప్పి 2022 నవంబరులో విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అంటే కిలోమీటరుకు 37 కోట్ల పైచిలుకు.

ఇది ఎక్కువా తక్కువా అని ఒక్క అంకె చూసి చెప్పడం సాధ్యం కాదు. ఆరు వరుసలు, కొత్త దారి, గెడ్డల మీద వంతెనలు అన్నప్పుడు ఖర్చు వుంటుంది. కాని ఆ 37 కోట్లలో భూమికి ఎంత, మట్టి పనికి ఎంత, వంతెనలకు ఎంత, ఏ ఊరి దగ్గర కింద దారి ఇచ్చారు, ఏ ఊరికి ఇవ్వలేదు అన్న విడివిడి వివరం గ్రామ సచివాలయంలో అంటించి పెట్టడానికి అడ్డేమిటి? పొలం రోడ్డుకు ఇటు, కళ్లం రోడ్డుకు అటు అయిన రైతుకు ఆ కింద దారి ఎక్కడ వస్తుందన్నదే అన్నిటికంటే పెద్ద లెక్క.

భూమి లెక్క కూడా ఒకసారి వేసుకుందాం. 60 మీటర్ల వెడల్పున రోడ్డు వేస్తే కిలోమీటరుకు దాదాపు 15 ఎకరాలు పోతుంది. వెడల్పు మరో 10 మీటర్లు పెంచితే కిలోమీటరుకు ఇంకో రెండున్నర ఎకరాలు. ద్వారక రోడ్డు దగ్గర వెడల్పు భూమి ఇచ్చినా వాడుకోకుండా ఆకాశంలో కట్టారు. పల్లెటూళ్లలో అందుకు విరుద్ధంగా, ముందుచూపు పేరుతో వెడల్పు తీసుకుని పక్కన పెడతారేమో అడగవలసినవారు అడగాలి. రెండూ ప్రణాళిక కాగితం మీద జరిగే తప్పులే.

అడిగే చోట్లు, అడిగే వేళ

చట్టంలో అడగడానికి చోట్లు లేకపోలేదు. అయితే ఒక్కొక్క చోట తలుపు ఎంత సన్నగా వుందో తెలిసి వుండాలి.

పూర్తిగా కొత్త జాతీయ రహదారి వేయాలంటే పర్యావరణ అనుమతి కావాలి. అందుకోసం జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. జిల్లా కలెక్టరు గాని, ఆయన తరఫున అదనపు స్థాయి అధికారి గాని అధ్యక్షత వహించాలి. సభను వీడియో తీయాలి, చివరలో అక్కడ వచ్చిన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరు కార్యాలయంలోను, జిల్లా పరిషత్తులోను సభకు ముందే అందుబాటులో వుండాలి. సభకు వచ్చినవారిలో ఆ సారాంశం ముందుగా చదివి వచ్చేవారు ఎందరో, కుర్చీల్లో కూర్చుని టీ తాగి పోయేవారు ఎందరో అందరికీ తెలిసిందే.

పాత రోడ్డును విస్తరించే పనికైతే 100 కిలోమీటర్లు దాటితేనే ఈ అనుమతి కావాలని 2013లో సడలించారు. అంతకుముందు ఆ హద్దు 30 కిలోమీటర్లు. దీని ఫలితం హిమాలయాల్లోని చార్‌ధామ్ రోడ్డులో కనబడింది. 889 కిలోమీటర్ల పనిని 53 ముక్కలు చేశారు. ఏ ముక్కా 100 కిలోమీటర్లు లేదు గనక మొత్తం రోడ్డుపై ప్రభావ అధ్యయనమే లేకుండా పోయింది. కనుక రోడ్డు ప్రకటన వచ్చినప్పుడు ‘ఈ ముక్క ఏ రోడ్డులో భాగం?’ అన్నది మొదట అడగదగిన ప్రశ్న.

2013 నాటి భూసేకరణ చట్టంలో వున్న సామాజిక ప్రభావ అధ్యయనం జాతీయ రహదారులకు వర్తించదు. పరిహారం లెక్క మాత్రం 2015 నుంచి ఆ చట్టం ప్రకారమే కట్టాలి. పరిహారం చాలకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లవచ్చు. ఈ రెండో భాగం రైతులకు బాగా తెలుసు. మొదటి భాగం తెలియదు. అందుకే మన సభలన్నీ ఎకరా ధర మీదే నడుస్తాయి, రోడ్డు ఇటుగానే ఎందుకు రావాలన్న మాట ఎత్తేసరికి ఆలస్యమైపోతుంది.

సమాచార హక్కు కింద రహదారుల సంస్థకు పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి వాహనాల లెక్క, అంచనా వివరాలు, ప్రాజెక్టు నివేదిక అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఎన్ని వాహనాలు తిరుగుతాయని అంచనా వేశారో ఆ కాగితం ఒక్కటి చేతికొచ్చినా వరుసలెన్ని కావాలో, స్తంభాలు కావాలో వద్దో బేరీజు వేయడానికి పదో తరగతి లెక్కలు చాలు.

అన్నిటికంటే ఇరుకైన తలుపు జాతీయ రహదారుల చట్టంలోని 3-ఎ ప్రకటన. భూమి తీసుకోదలిచామని కేంద్రం గెజెట్‌లో ప్రకటించి, దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి. అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక అయి వుండాలి. అభ్యంతరాలు 21 రోజుల్లో రాతపూర్వకంగా, కారణాలు చూపుతూ భూసేకరణ అధికారికి ఇవ్వాలి. ఇచ్చినవారిని అధికారి పిలిచి వినాలి. స్వయంగా వెళ్లవచ్చు, వకీలును పంపవచ్చు. ఆ తరువాత 3-డి ప్రకటన వెలువడితే భూమి కేంద్రానిదైపోతుంది.

ఈ 21 రోజులు లెక్కకు వచ్చేది గెజెట్‌లో ప్రచురించిన తేదీ నుంచి. పత్రికలో ప్రకటన పడేసరికి అందులో కొన్ని రోజులు గడిచిపోయి వుంటాయి. సన్నని అక్షరాల్లో గ్రామం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మాత్రమే వుండే ఆ ప్రకటన పేజీని ఊళ్లో ఎవరో ఒకరు పూర్తిగా చదవవలసి వుంది. ప్రకటన పైభాగాన గెజెట్ తేదీ వుంటుంది. ముందుగా చూడవలసినది దాన్ని.